వాలు చేనులో మట్టి, ఆకు అడుగున పురుగు

మా చేను వాలులో ఉంది. ఒక్క గట్టి వానకే పైమట్టి కొట్టుకుపోయి మొక్కల వేళ్లు తేలడం చూశాక దున్నే పద్ధతి మార్చాను.

వాలుకు అడ్డంగానే దున్నండి. నిలువుగా దున్నితే ప్రతి చాలూ ఒక కాలువే. కచ్చితమైన అడ్డం కంటికి తెలియదు. మూడు కర్రలను ‘ఏ’ అక్షరంలా కట్టి, కొన నుంచి దారంతో రాయి వేలాడదీయండి. అడ్డకర్ర మీద దారం ఆగినచోట గుర్తు పెట్టి, ఒక కాలు ఉన్నచోట రెండో కాలు వచ్చేలా తిప్పి నిలిపి మళ్లీ గుర్తు పెట్టండి. రెండింటి నడిమి చోటే అసలు మట్టం. దారం అక్కడ ఆగేలా ఒక్కో కాలు మార్చుతూ చేనుకు అడ్డంగా జరుగుతూ, కాలు ఆనిన ప్రతిచోటా మేకు పాతండి. ఆ వరుసలో గట్టు వేసి, దానిమీద గడ్డి నాటండి. నేల బోడిగా ఉండకూడదు, పంట చెత్త పరచండి.

ఇక పురుగు. వారానికి రెండుసార్లు ఆకు తిప్పి అడుగు చూడాల్సిందే. గుడ్ల కుప్పలుంటే ఆకుతో సహా తుంచేయండి. అక్షింతల పురుగులు (ఎర్రటి రెక్కల మీద నల్ల చుక్కలుండే చిన్న గుండ్రటి పురుగులు) కనిపిస్తే మాత్రం చంపకండి, ఆకుల రసం పీల్చే పేనుబంకను తినేది అవే. మందు అవసరమైతే 5 కిలోల వేపగింజల పప్పు పొడిని 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్లు చేయండి. 100 గ్రాముల సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. ఎండలో దాని బలం త్వరగా పోతుంది.