ఇంట్లో పార్టికల్ యాక్సిలరేటర్: ఏది చేయొచ్చు, ఎక్కడ ఆగాలి?

విద్యుదావేశమున్న సూక్ష్మ కణాలను వేగంగా పరిగెత్తించే యంత్రమే పార్టికల్ యాక్సిలరేటర్. 1931లో అమెరికాలో ఎర్నెస్ట్ లారెన్స్, ఆయన విద్యార్థి లివింగ్‌స్టన్ కలిసి అరచేతిలో పట్టేంత చాంబర్‌లో హైడ్రోజన్ అయాన్లకు (ఆవేశమున్న కణాలకు) 80 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఇచ్చారు. అది చదివాక విజయవాడ ఇంజనీరింగ్ పిల్లలకు మనమూ చేద్దామనిపించడం సహజం. ఆటోనగర్‌లో చేయించుకోలేని లోహపు భాగం ఏముంటుంది!

అయితే ఇబ్బంది లోహంతో కాదు. గాలిలో కణం వెంట్రుక మందమైనా సాగకముందే ఏదో అణువును ఢీకొంటుంది. కాబట్టి చాంబర్‌లో గాలి దాదాపు పూర్తిగా తీసేయాలి. దానికి రోటరీ పంపు ఒక్కటే చాలదు, దానికి తోడు మిగిలిన కాస్త గాలినీ లాగేసే డిఫ్యూజన్ లేదా టర్బో పంపు కావాలి. మామూలు వెల్డింగ్‌లో కంటికి కనిపించని రంధ్రం ఉన్నా అంతా వృథా.

అంతకన్నా భయపడాల్సింది కరెంటుకి. కణాలను పరిగెత్తించే వోల్టేజీ కోసం పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడదామనుకుంటే, అది సుమారు 2 వేల వోల్టులు ఇస్తుంది, గుండె ఆగేంత కరెంటూ ఇస్తుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్) ఉందిగా అని ధీమా పడొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ రెండో చుట్ట వైపు, అంటే ఎక్కువ వోల్టేజీ బయటికొచ్చే వైపు, షాక్ కొడితే అది పసిగట్టలేదు. స్విచ్ ఆపేసినా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉంటుంది. పాత టీవీ పిక్చర్ ట్యూబూ అంతే, పైగా పగిలితే గాజు ముక్కలు ఎగిరిపడతాయి. వాక్యూమ్‌లో వేల వోల్టులతో పరిగెత్తే ఎలక్ట్రాన్లు లోహాన్ని తాకితే ఎక్స్-రేలు పుడతాయి. అలాంటి పరికరానికి 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఇంట్లో ఆ దారి పట్టొద్దని గట్టిగా చెబుతున్నాను.

చేయదగ్గది గిన్నె యాక్సిలరేటర్. దీనికి వాక్యూమ్ అక్కర్లేదు.

1. గుండ్రటి అడుగున్న పెద్ద ప్లాస్టిక్ గిన్నె తీసుకోండి. లోపల అల్యూమినియం టేపును అడుగున కలిసేలా ప్లస్ గుర్తు ఆకారంలో అంటించండి. దాని చివరలు అంచుకు మూడు వేళ్ల దూరంలో ఆగాలి.

2. ఆ నాలుగు చేతుల మధ్య ఖాళీల్లో పైఅంచు నుంచి నాలుగు పొట్టి పట్టీలు దించండి. ఇవి ప్లస్ గుర్తును తాకకూడదు. అంచు చుట్టూ ఒక పట్టీ వేసి నాలుగింటినీ కలపండి.

3. టేబుల్ టెన్నిస్ బంతికి గ్రాఫైట్ పెయింట్ పూసి ఆరనివ్వండి.

4. చేత్తో తిప్పితే స్థిర విద్యుత్ పుట్టించే విమ్‌షర్స్ట్ యంత్రం ఒక కొనను అడుగు పట్టీకి, రెండో కొనను అంచు పట్టీకి తీగతో కలపండి. యంత్రానికున్న లైడెన్ జాడీలను (ఆవేశం నిల్వ చేసే సీసాలను) ముందే విప్పేయండి, గట్టి షాక్ వాటి నుంచే వస్తుంది. ఇంటి ప్లగ్గుకు ఏదీ తగిలించకండి.

5. హ్యాండిల్ తిప్పుతూ బంతిని ప్లాస్టిక్ స్కేలుతో కాస్త నెట్టండి. ప్రతి పట్టీ దగ్గరా బంతి విద్యుదావేశం మారుతుంది, ఆ పట్టీ దాన్ని తోసేస్తుంది, తర్వాతిది లాగుతుంది. అలా వేగం పెరుగుతూ గిన్నె చుట్టూ తిరుగుతుంది. అసలు యాక్సిలరేటర్‌లో కణం ఆవేశం మారదు, వోల్టేజీని మారుస్తారు. పిల్లలకు ఈ తేడా తప్పక చెప్పండి.

పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లను ఆ గదిలోకి రానివ్వకండి. పని అయ్యాక, ప్లాస్టిక్ పిడి ఉన్న తీగతో రెండు కొనలనూ కలిపి మిగిలిన ఆవేశం పోగొట్టాకే చెయ్యి పెట్టండి.

బంతి కదలకపోతే ముందు తేమను అనుమానించండి. వానాకాలంలో కృష్ణ ఒడ్డున ఆవేశం నిలవదు. గిన్నెను, యంత్రం చక్రాలను పొడి గుడ్డతో తుడిచి, ఏసీ గదిలో కాసేపు ఉంచి మళ్లీ తిప్పండి.