లుకేమియా సెల్స్‌లో డ్రగ్ రెసిస్టెన్స్: జీన్ ఒక్కటే చూసి ఆగొద్దు

సెల్స్ మందుకి లొంగట్లేదంటే చాలామంది ముందు పరిగెత్తేది క్యూపీసీఆర్ (జీన్ ఎంఆర్ఎన్ఏ ఎంతుందో కొలిచే పద్ధతి) దగ్గరికే, ఏబీసీబీ1 (మందుని బయటకి తోసే పంపు పీ-గ్లైకోప్రొటీన్‌ని తయారుచేసే జీన్) పెరిగింది, ఇంకేముంది రాసేద్దాం అని. కానీ ఎంఆర్ఎన్ఏ పెరిగినంత మాత్రాన ప్రొటీన్ కూడా అంతే పెరగాలని ఏం లేదు, ప్రొటీన్ ఉన్నా అది సెల్ పొర మీదకి చేరి మందుని బయటకి తోస్తేనే లెక్క. అందుకే ఒకే ఫ్లాస్క్‌లోని సెల్స్‌ని ఒకే రోజు మూడు వాటాలు వేయండి: ఆర్ఎన్ఏకి, ప్రొటీన్‌కి, ఫ్లోకి (ఫ్లో సైటోమెట్రీ, ఒక్కో సెల్ ఎంత వెలుగుతుందో చూసేది).

మామూలు కే562 (లుకేమియా సెల్ లైన్), డాక్సోరూబిసిన్ (క్యాన్సర్ మందు) డోసు మెల్లగా పెంచుతూ తయారుచేసిన దాని రెసిస్టెంట్ లైన్, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. రెసిస్టెంట్ సెల్స్‌ని ముందు ఓ వారం మందు లేని మీడియంలో పెంచాలి, ఎందుకంటే డాక్సోరూబిసిన్‌కి సొంతంగానే ఎర్రటి ఫ్లోరసెన్స్ ఉంటుంది, లోపల మిగిలితే ఫ్లోలో అదే సిగ్నల్ అనుకుంటారు.

క్యూపీసీఆర్‌లో ప్రైమర్లు (జీన్‌ని పట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) రెండు ఎక్సాన్లు (ఎంఆర్ఎన్ఏలో మిగిలే జీన్ భాగాలు) కలిసే చోట పడేలా చూసుకోండి, ఆర్‌టీ ఎంజైమ్ (ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చేది) వేయని కంట్రోల్ తప్పనిసరి. పోల్చుకునే రిఫరెన్స్ జీన్‌గా ఏబీఎల్1 గానీ జీఏపీడీహెచ్ గానీ పర్లేదు, కాకపోతే రెండు లైన్లలోనూ అది మారట్లేదని చూశాకే. మామూలు సెల్స్‌లో సీటీ (సిగ్నల్ కనపడే సైకిల్ నంబర్, ఎంత ఎక్కువైతే ఎంఆర్ఎన్ఏ అంత తక్కువ) 35 దాటిపోతే మాత్రం వెయ్యి రెట్లు పెరిగిందని గొప్పగా చెప్పకండి, ఆ అంకెకి పెద్ద విలువ లేదు.

అసలు తిప్పలన్నీ వెస్టర్న్ బ్లాట్‌లోనే (ప్రొటీన్లని జెల్‌లో విడదీసి యాంటీబాడీతో పట్టే పద్ధతి). అలవాటు కొద్దీ శాంపిల్‌ని 95 డిగ్రీల్లో మరిగించేస్తారు, అక్కడే కొంప మునుగుతుంది. పీ-గ్లైకోప్రొటీన్ పొరలోంచి 12 సార్లు అటూ ఇటూ దూరి ఉండే ప్రొటీన్, మరిగిస్తే ముద్దకట్టి జెల్ వెల్‌లోనే ఉండిపోతుంది, బ్యాండ్ రాదు, తప్పంతా యాంటీబాడీ మీదకి తోసేస్తాం. 37 డిగ్రీల్లో ఓ 15 నిమిషాలు ఉంచితే చాలు. 7.5 శాతం జెల్, వెట్ ట్రాన్స్‌ఫర్. 170 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ సన్నగా గీత గీసినట్టు కాకుండా వెడల్పుగా, మసగ్గా వస్తుంది, కంగారొద్దు, దానికి అతుక్కున్న చక్కెర గొలుసుల వల్ల అది. దాని కింద ఇంకో సన్న బ్యాండ్ ఉంటే అది ఇంకా పూర్తిగా తయారవ్వని ప్రొటీన్ కావచ్చు.

ఫ్లోకి యూఐసీ2 గానీ ఎంఆర్‌కే16 గానీ యాంటీబాడీ వాడండి, అవి పీ-గ్లైకోప్రొటీన్‌కి సెల్ బయటివైపు అతుక్కుంటాయి. సీ219 లోపలివైపు అతుక్కునేది, బతికున్న సెల్స్‌కి వేస్తే ఏమీ కనపడదు, దాన్ని బ్లాట్‌కి దాచుకోండి.

చివరగా రోడమిన్ 123, ఈ పంపు బయటకి తోసేసే వెలిగే రంగు. సెల్స్‌కి అరగంట పట్టించి, కడిగి, రంగు లేని మీడియంలో 37 డిగ్రీల్లో గంట వదిలేయండి, ఒక ట్యూబ్‌లో వెరాపమిల్ (పంపుని ఆపే మందు) కలిపి, ఒకటి కలపకుండా. కలపని ట్యూబ్ వెలిసిపోయి, కలిపింది వెలుగుతూనే ఉంటే పంపు పనిచేస్తున్నట్టే. రెండూ ఒకేలా ఉండి సెల్స్ మాత్రం మందుకి చావట్లేదంటే ఇలాంటి వేరే పంపుల జీన్లు ఏబీసీసీ1, ఏబీసీజీ2 ప్రైమర్లు బయటకి తీయండి.