దసరా దాటాక గులాబీ నాటాలంటే

తెలంగాణలోనూ, రాయలసీమ పడమటి జిల్లాల్లోనూ అక్టోబరు నుంచి నవంబరు చివరిదాకా గులాబీకి మంచి అదను. వానలు వెనకబడతాయి, నేలలో వెచ్చదనం ఇంకా ఉంటుంది, వేరు తొందరగా పాతుకుంటుంది. నెల్లూరు, తిరుపతి వైపు మాత్రం ఈశాన్య వానలు, తుఫాన్లు సరిగ్గా అప్పుడే వస్తాయి. అక్కడ మొక్క కొన్నా కవర్లోనే ఉంచి, ముసురు తగ్గాక డిసెంబరులో నాటుకోండి.

నర్సరీలో కళ్లు ముందు పువ్వు మీదికే పోతాయి. మొక్క మొదలు చూడండి. కడియం నుంచి వచ్చే పెద్ద పూల రకాలు చాలావరకు అంటు మొక్కలు. గట్టి వేరున్న అడవి రకం కాండానికి మంచి రకం చిగురు కన్ను అతికిస్తారు. అతుకు దగ్గర చిన్న బుడిపె ఉంటుంది. దాని పైనుంచి పెన్సిలు లావున పచ్చటి కొమ్మలు రెండు మూడు వచ్చి ఉండాలి. బుడిపె నల్లబడినా, బెరడు లేచినా ఆ మొక్క వద్దు.

రోజూ పూజకు నాలుగు పూలు చాలనుకుంటే పన్నీరు గులాబీ తీసుకోండి. వాసన ఉంటుంది, మే ఎండనూ ఓర్చుకుంటుంది. తెల్లటి గుత్తులు కావాలంటే ఐస్‌బర్గ్, దీనికి ముళ్లు కూడా తక్కువే. కాడకొక పెద్ద పువ్వు పూసే గ్లాడియేటర్, డబుల్ డిలైట్ లాంటి హైబ్రిడ్ టీలకు చాకిరీ ఎక్కువ. మొదటిసారి పెంచేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలు.

కనీసం ఆరు గంటల ఎండ, అందులోనూ పొద్దుటి ఎండ తగిలే చోటు చూసుకోండి. అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు ఉండే గొయ్యి పదిహేను రోజుల ముందే తవ్వి ఎండనివ్వాలి. తీసిన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు 5 కిలోలు, వేపపిండి 200 గ్రాములు, ఎముకల పొడి 100 గ్రాములు కలపండి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి, వేడికి లేత వేళ్లు మాడతాయి. నల్లరేగడి అయితే ఇసుక కలిపి మడిని అరడుగు ఎత్తు చేయాలి. మొక్కల మధ్య రెండు, రెండున్నర అడుగులు చాలు.

కొత్త మొక్కలు ఎక్కువగా చచ్చేది కవర్లోని ఎర్రమట్టి ముద్ద వల్లే. అది ఎండితే ఇటుకే. దాన్ని అలాగే పాతితే పోసిన నీళ్లు చుట్టూ జారిపోతాయి, పైన తడి కనిపిస్తున్నా లోపల వేరు దాహంతో ఉంటుంది. అందుకే కవరు చీల్చి, ముద్దను పది నిమిషాలు బకెట్ నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా విదిలించండి. అతుకుకు చుట్టిన ప్లాస్టిక్ టేపు ఇంకా ఉంటే బ్లేడుతో నిలువుగా గాటు పెట్టి తీసేయాలి. కాండం లావెక్కేకొద్దీ అది ఉరిలా బిగుసుకుంటుంది. నాటేటప్పుడు అతుకు నేలకు రెండు, మూడు అంగుళాల పైన ఉండాలి. చలిదేశాల వీడియోల్లో దాన్ని మట్టిలో పూడ్చమంటారు. అది గడ్డకట్టే చలికి చేసే పని, మన తేమలో కుళ్లుతుంది.

ఊతకర్రను మొక్క పెట్టకముందే, గాలి వచ్చే వైపు పాతండి. తర్వాత దిగగొడితే వేళ్లు తెగుతాయి. పాత నూలు చీర పీలికను కర్రకూ కాండానికీ మధ్య ఎనిమిది అంకెలా మెలివేసి వదులుగా కట్టాలి. ఇనప తీగ బెరడును కోసేస్తుంది. తీగ గులాబీకైతే గోడకు మూడు అంగుళాల ఎడంగా, అడుగున్నరకో వరుసన వైర్లు లాగి, కొమ్మల్ని అడ్డంగా వంచి కట్టండి. నిలువుగా వదిలితే కొసన మాత్రమే పూస్తుంది. వంచితే ప్రతి కణుపు నుంచీ రెమ్మ లేచి పూస్తుంది. పడమటి గోడ మాత్రం వద్దు, వేసవిలో కాలుతుంది.

నాటిన మొదటి నెల మొగ్గలు తుంచేయండి, మనసొప్పకపోయినా. అతుకు కింద నుంచి లేచే పిలకల్ని మొదలంటా పీకాలి, కత్తిరిస్తే మళ్లీ వస్తాయి. కొమ్మ కొసనుంచి నల్లబడుతూ కిందికి దిగితే ఎండు తెగులు. పచ్చటి భాగం వచ్చేదాకా కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీటితో ముద్దచేసి పూయండి. సాయంత్రం ఆకుల మీద నీళ్లు పోస్తే నల్లమచ్చల తెగులు ఎక్కువవుతుంది. పొద్దున్నే, మొక్క మొదట్లో పోయండి. డిసెంబరు చలికి లేత ఆకులపై బూడిద తెగులు వస్తే, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండ ముదరకముందే పిచికారీ చేయండి.

మొదటి పూలు కోసేటప్పుడు పొడుగు కాడకు ఆశపడొద్దు. పువ్వు కింద మొదటి ఐదాకుల రెమ్మకు పావు అంగుళం పైన కోస్తే, ఆ కణుపు నుంచే మళ్లీ చిగురిస్తుంది.