ఎక్కడ నిమరాలి, ఎక్కడ నొక్కాలి: చేతులతోనే ముఖానికి మసాజ్

ముఖానికి మసాజ్ అనగానే పార్లర్లు, ముఖం మీద దొర్లించే జేడ్ రోలర్లు, రుద్దుకునే గువాషా రాళ్లు గుర్తొస్తాయి. అవేవీ కొనక్కర్లేదు. చేతివేళ్లు చాలు. నిజానికి వేళ్లే మేలు, ఎందుకంటే చర్మం కింద కండరం బిగుసుకుందో లేదో రాయికి తెలియదు, వేలికి తెలుస్తుంది. కాకపోతే ఒక్క సంగతి ముందే పట్టుకోవాలి. ముఖమంతా ఒకే బలంతో రుద్దకూడదు. కొన్నిచోట్ల నిమరాలి, కొన్నిచోట్ల నొక్కాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. కంటి కింద గట్టిగా రుద్దుతారు, దవడను పైపైన తడిమి వదిలేస్తారు.

నిమరాల్సింది నీటి కోసం. పొద్దున్న లేవగానే కళ్ల కింద, బుగ్గల్లో కనిపించే ఉబ్బు చాలావరకు చర్మం కింద చేరిన నీరే. రాత్రంతా పడుకునే ఉంటాం కాబట్టి అది కిందికి దిగదు. రాత్రి ఆవకాయో, చిప్సో ఎక్కువ తింటే ఇంకాస్త చేరుతుంది. ఈ నీటిని తీసుకెళ్లేవి లింఫ్ నాళాలు. వాటి మొదటి పాయలు చర్మానికి కాస్త కిందే, చాలా సన్నగా ఉంటాయి. గట్టిగా నొక్కితే అవే మూసుకుపోతాయి. అందుకే ఇక్కడ బలం పెట్టేకొద్దీ పని జరగదు.

నొక్కాల్సింది కండరాల కోసం. రోజంతా స్క్రీన్ చూస్తూ కనుబొమ్మలు ముడుస్తాం, ట్రాఫిక్‌లో పళ్లు బిగిస్తాం. ఆ టెన్షన్ అంతా నుదుటి మీద, కణతల దగ్గర, దవడలో పేరుకుంటుంది. ఇక్కడ నిమిరితే హాయిగా ఉంటుంది కానీ బిగువు వదలదు.

ఇంకొక మాట ముందే చెప్పేస్తే మంచిది. దీనివల్ల ఉబ్బు కొన్ని గంటలపాటు తగ్గుతుంది, రక్తం బాగా ఆడి ముఖం కాస్త కళగా కనిపిస్తుంది, దవడ తేలికపడుతుంది. బుగ్గల కొవ్వు కరగదు, ఉన్న ముడతలు పోవు, ముఖం ఆకారం మారదు. పసిపిల్లలకు లాల పోసేటప్పుడు ముక్కు కోటేరులా రావాలని నూనె వేళ్లతో సాగదీస్తారు చూడండి, అదీ ఇంతే. ముక్కు ఎముకా మృదులాస్థీ అమ్మానాన్నల నుంచి వచ్చినట్టే వస్తాయి.

ఎవరు చేసుకోకూడదు

చీము పట్టిన మొటిమలు, పెదవి మీద జ్వరపు పొక్కులు, ఎండకు కమిలిన చర్మం, దద్దుర్లు ఉంటే అవి తగ్గేదాకా ఆగండి. రెటినాల్ క్రీములు వాడి పొట్టు రేగుతున్నా అంతే. బొటాక్స్, ఫిల్లర్లు, ముఖానికి సర్జరీ చేయించుకున్నవాళ్లు, పక్షవాతంతో మూతి వంకర పోయినవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. మెడలో బిళ్ళ కట్టి ఉంటే దాన్ని నలిపి కరిగించే ప్రయత్నం అసలు చేయొద్దు.

ముందు సిద్ధం కావాలి

గోళ్లు కత్తిరించుకోండి. ఉంగరాలు, చెవి కమ్మలు, ముక్కుపుడక తీసి పక్కన పెట్టండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటే అవీ తీయాలి. స్టిక్కర్ బొట్టు తీసి, దాని జిగురు కూడా పోయేలా ముఖం కడుక్కోండి. రోజూ బొట్టు పెట్టే చోట దురదగా ఉన్నా, తెల్లమచ్చ వస్తున్నా అక్కడ రుద్దకుండా చర్మవైద్యుడికి చూపించండి. కొన్ని బొట్ల జిగురులో ఉండే రసాయనాల వల్ల అక్కడ రంగు పోయే ప్రమాదం ఉంది.

చేతులు సబ్బుతో కడుక్కుని, తడి ముఖం మీదే నాలుగైదు చుక్కల నూనె రాసుకోండి. బాదం నూనె బాగుంటుంది, నువ్వుల నూనె అయినా ఫర్వాలేదు. కొబ్బరి నూనె కొందరికి రంధ్రాలు మూసి మొటిమలు తెస్తుంది, కాబట్టి జిడ్డు చర్మం వాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. పొద్దున పూట అయితే నూనె బదులు మాయిశ్చరైజర్ చాలు. కలబంద జెల్ త్వరగా ఆరిపోయి జిగటగా మారుతుంది, మధ్యలో వేలు పట్టేస్తుంది. నిమ్మరసం, వంటసోడా కలిపిన మిశ్రమాలు పెట్టి రుద్దడం మాత్రం వద్దు.

వీపు ఆనించి కూర్చోండి. బల్ల ఉంటే మోచేతులు దాని మీద పెట్టుకోండి, భుజాలు నొప్పి పుట్టవు.

1. మొదలు మెడ దగ్గరే

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. ముఖం నుంచి వచ్చే లింఫ్, అంటే ఆ నాళాల్లో పారే నీరు, చెవి ముందు, దవడ కింద ఉన్న గ్రంథుల గుండా మెడలోకి దిగి, కాలర్ ఎముక దగ్గర రక్తంలో కలుస్తుంది. సింకు జాలీలో చెత్త తీయకుండా నీళ్లు అటు తోస్తే ఎక్కడికి పోతాయి? అందుకే ముందు కింద దారి చూసుకోవాలి.

కాలర్ ఎముకకు కాస్త పైన గుంటలా ఉండే చోట రెండు వేళ్లు పరిచి పెట్టండి. చర్మాన్ని మెల్లగా కిందికి, లోపలికి లాగి వదలండి. వేలు చర్మం మీద జారకూడదు, చర్మమే వేలితో పాటు కొంచెం కదలాలి. మూసిన కనురెప్ప మీద వేలు ఆనిస్తే ఎంత బరువు ఉంటుందో అంతే. ఇలా ఆరేడు సార్లు. మధ్యలో పొట్ట నిండా రెండు మూడు దీర్ఘశ్వాసలు తీసుకోండి. లింఫ్‌ను తోయడానికి గుండెలాంటి పంపు లేదు, ఊపిరి కదలిక కూడా దానికి తోడవుతుంది.

తర్వాత చెవి కింద నుంచి కాలర్ ఎముక దాకా మెడ పక్క భాగాన్ని అరచేత్తో పైనుంచి కిందికి నిమరండి. ఒకసారి ఒక వైపే. దవడ మూలకు కింద, మెడ పక్కన నాడి కొట్టుకునే చోట రెండు వైపులా ఒకేసారి నొక్కితే రక్తపోటు, గుండె వేగం పడిపోయి కళ్లు తిరగవచ్చు. మెడ రక్తనాళాల్లో పూడికలు ఉన్న పెద్దవాళ్లయితే అక్కడ అసలు నొక్కకూడదు. గొంతు ముందు భాగాన్ని కూడా వదిలేయండి, థైరాయిడ్ గ్రంథి ఉండేది అక్కడే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. "ముఖాన్ని ఎప్పుడూ పైకే రుద్దాలి, కిందికి రుద్దితే చర్మం జారిపోతుంది" అని పార్లర్లలో గట్టిగా చెబుతారు. చర్మం జారేది వయసు వల్ల, ఎండ వల్ల, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ లోపల తగ్గడం వల్ల. నూనె రాసుకుని నాలుగుసార్లు కిందికి నిమిరితే జారిపోదు. పైగా లింఫ్ పోవాల్సింది కిందికే. చర్మానికి చేటు చేసేది నూనె లేకుండా పొడి చర్మాన్ని రోజూ లాగడం.

చేతితో లింఫ్‌ను కదిలించే ఈ పద్ధతిని తీర్చిదిద్దింది డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్. ఫ్రాన్స్ సముద్రతీరంలో పనిచేస్తూ 1930లలో దాన్ని రూపొందించి, 1936లో పారిస్‌లో పరిచయం చేశారు. ఇప్పుడు ఫిజియోథెరపిస్టులు రొమ్ము క్యాన్సర్ సర్జరీ తర్వాత చేయి వాచినవాళ్లకు చేసే చికిత్సలో ఈ పద్ధతి ఒక భాగం. మనం ఇంట్లో చేసుకునేది అందులో చిన్న ముక్క మాత్రమే.

2. నుదురు, కణతలు

ఇక్కడ కాస్త బలం పెట్టవచ్చు. రెండు చేతుల వేళ్లనూ కనుబొమ్మల మీద ఆనించి, జుట్టు మొదలయ్యే దాకా నెమ్మదిగా పైకి తీసుకెళ్లండి. ఆ తర్వాత నుదుటి మధ్య నుంచి కణతల వైపుకు. ఒక్కోటి ఐదారు సార్లు చాలు.

బొమ్మలు ముడిచే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ ఇంకాస్త సేపు ఆగాలి. ముక్కు మొదలు దగ్గర కనుబొమ్మ లోపలి కొసను బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని మెల్లగా నలపండి. అలా చిటికెడు చిటికెడుగా పట్టుకుంటూ బొమ్మ చివరిదాకా వెళ్లండి. చాలామందికి మొదటి రెండు చిటికెల దగ్గరే తియ్యటి నొప్పి తెలుస్తుంది.

కణత అంటే కంటి పక్కనున్న గుంట ఒక్కటే అనుకుంటాం. పళ్లు బిగించి చేయి పెట్టి చూడండి. చెవి పైన, జుట్టు లోపలిదాకా కండరం కదులుతుంది. అది నమిలే కండరం, పళ్లు బిగిస్తే అదీ బిగుసుకుంటుంది. నాలుగు వేళ్లు జుట్టులోకి పెట్టి, చెవి చుట్టూ పైభాగమంతా నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. ఒక్కో చోట నాలుగైదు చుట్లు తిప్పి, వేళ్లను కొంచెం జరపండి.

3. కళ్ల చుట్టూ

ఒంట్లోకెల్లా పలుచని చర్మం కనురెప్పలదే. అందుకే ఉంగరపు వేలు వాడండి, దానికి సహజంగానే బలం తక్కువ. కంటిగుంట చుట్టూ ఎముక తగులుతుంది కదా, వేలు ఆ ఎముక మీదే ఉండాలి. బొమ్మ కింది అంచున ముక్కు వైపు నుంచి బయటికి, కంటి కింద కూడా లోపలి మూల నుంచి కణత వైపుకు. నాలుగైదు సార్లు, అంతే. కనుగుడ్డును మాత్రం నొక్కకండి, రుద్దకండి. కళ్లు గట్టిగా నలుపుకునే అలవాటు ఉన్నవాళ్లలో కంటి ముందుండే పారదర్శక పొర (కార్నియా) పలుచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ అనే జబ్బు ఎక్కువగా కనిపిస్తుందని కంటి డాక్టర్లు హెచ్చరిస్తారు.

కంటి కింది నల్లటి వలయాలు దీనివల్ల పోతాయా? ఉబ్బు నీడ వల్ల నల్లగా కనిపిస్తుంటే కాస్త తేడా తెలుస్తుంది. రంగే నలుపైతే మసాజ్‌తో పోదు. గట్టిగా రుద్దితే ఇంకా నల్లబడే అవకాశమే ఎక్కువ.

4. ముక్కు పక్కలు, బుగ్గలు

ముక్కు పుటాల పక్కన వేలికొసలు పెట్టి, బుగ్గ ఎముక కింది అంచు వెంట చెవి దాకా వెళ్లండి. మధ్యమధ్య ఆగి ఎముక వైపు పైకి నొక్కి, రెండు సెకన్లు ఉంచి వదలండి. జలుబుతో ముఖం బరువెక్కినప్పుడు ఇది కాస్త ఉపశమనం ఇస్తుంది. జ్వరం, చిక్కటి చీమిడి, ఒకవైపే నొప్పి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి.

5. దవడ: అసలు పని ఇక్కడే

టైమ్ రెండే నిమిషాలు ఉంటే మిగతావి వదిలేసి ఇది చేయండి. చెవి తమ్మెకు ఒక అంగుళం ముందు, బుగ్గ మీద వేళ్లు పెట్టి పళ్లు బిగించండి. గట్టిగా ఉబ్బి పైకి లేచేది మాసెటర్ అనే కండరం. బుగ్గ ఎముక నుంచి దవడ మూల దాకా ఉంటుంది. మనకు తెలియకుండానే దీన్ని బిగించుకుని కూర్చుంటాం.

ముందు దవడ వదులు చేయాలి. పెదాలు కలిసే ఉండనివ్వండి, పళ్లు మాత్రం ఒకదానికొకటి తగలకూడదు. "న" అనేటప్పుడు నాలుక కొస ఎక్కడ ఆనుతుందో అక్కడే ఉంచండి. పళ్లకు విశ్రాంతినిచ్చే స్థితి ఇదే. పనిలో ఉన్నప్పుడు కూడా గుర్తొచ్చినప్పుడల్లా ఇలా ఉంచుకోవచ్చు.

నూనె ఎక్కువై జారుతుంటే ఈ భాగాన్ని మెత్తటి బట్టతో తుడిచేయండి, పట్టు దొరకాలి. బుగ్గ ఎముక కింద వేలికొసలు లేదా మడిచిన వేళ్ల కణుపులు ఆనించి, నిలకడగా లోపలికి నొక్కండి. ఎక్కడో ఒకచోట ముడిలాగా తగులుతుంది, నొక్కితే నొప్పి పుట్టినా హాయిగానే ఉంటుంది. అక్కడ ఆగి, ఇరవై ముప్పై సెకన్లు అలాగే పట్టుకోండి. నొప్పి మెల్లగా తగ్గుతున్నట్టు తెలుస్తుంది. తర్వాత అదే ఒత్తిడితో వేళ్లను నెమ్మదిగా దవడ మూల వైపు దించుతూ, అంతే నెమ్మదిగా నోరు తెరవండి. మూడు నాలుగు సార్లు చాలు. "అమ్మో" అనిపించేంత నొక్కితే కండరం ఎదురు తిరిగి ఇంకా బిగుసుకుంటుంది.

చెవి తమ్మె వెనక, దవడ మూలకు లోపల ఉండే గుంటలో మాత్రం వేలు గుచ్చకండి. ముఖాన్ని కదిలించే నరం బయటికి వచ్చేది ఆ దగ్గరే.

పొద్దున లేవగానే దవడ నొప్పి, కణతల్లో తలనొప్పి, పళ్లు అరిగిపోవడం ఉంటే రాత్రి నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో. పక్కన పడుకునేవాళ్లను అడగండి, వాళ్లకు తెలుస్తుంది. అలాంటప్పుడు మసాజ్ ఒక్కటే సరిపోదు, డెంటిస్టు పళ్లకు తొడిగే గార్డు ఇస్తారు. నోరు తెరిచినప్పుడు నొప్పితో టక్కుమంటున్నా, తెరిచిన నోరు పట్టేస్తున్నా వెళ్లాల్సింది డెంటిస్టు దగ్గరికే.

6. గడ్డం నుంచి మళ్లీ మెడకు

చూపుడువేలు దవడ ఎముక పైన, మధ్యవేలు కింద ఉండేలా పట్టుకుని గడ్డం నుంచి చెవి దాకా జరపండి. ఐదారు సార్లు అయ్యాక మళ్లీ మొదటి మెట్టులోలాగా చెవి కింద నుంచి కాలర్ ఎముక దాకా నిమరండి. ఇక్కడితో పూర్తయింది.

మొత్తం పది నిమిషాలలోపే. వారానికి మూడు నాలుగు రోజులు చాలు, తేలిగ్గా నిమరడం అయితే రోజూ చేసుకోవచ్చు. ఉబ్బు కోసమైతే పొద్దున, దవడ కోసమైతే రాత్రి పడుకునే ముందు. ముఖం కాస్త ఎర్రబడి కాసేపట్లో మామూలు అవ్వాలి. గంట తర్వాత కూడా ఎర్రగానే ఉంటే బలం ఎక్కువైనట్టు. మిగిలిన నూనెను బట్టతో అద్ది తీసేయండి, జిడ్డు చర్మమైతే కడిగేయండి. గడ్డం ఉన్న మగవాళ్లు వెంట్రుకలు వాలిన దిశలోనే చేయాలి. షేవింగ్ చేసుకున్న వెంటనే వద్దు, సాయంత్రం దాకా ఆగండి.

ఉబ్బు గురించి ఇంకొకటి. ఉప్పు తగ్గించినా, నిద్ర సరిపోతున్నా రోజూ పొద్దున్నే కళ్ల చుట్టూ వాపు వస్తుంటే, దానికి తోడు కాళ్లు వాచినా, మూత్రం బాగా నురగ వచ్చినా మసాజ్ మీద ఆధారపడకుండా డాక్టరుకు చూపించి మూత్రపరీక్ష, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ముఖమో పెదాలో హఠాత్తుగా వాచి ఊపిరి ఆడకపోతే అది అలర్జీ కావచ్చు, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.