పాత లారీ ఇంజన్ బ్లాక్ ఏదో తేలకపోతే: పోత గుర్తులు చదివే పద్ధతి

కొత్త హెడ్ గ్యాస్కెట్ కూర్చోవడం లేదు

బండి పేరు చెప్పి సాలూరు నుంచి తెప్పించిన గ్యాస్కెట్‌ను (బ్లాక్‌కూ, పైనుండే సిలిండర్ హెడ్‌కూ మధ్య వేసే పొర) బ్లాక్ మీద పెడితే నీటి రంధ్రాలు కలవవు. సెమిలిగూడలో మా షెడ్డుకు ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. షాపువాడి తప్పని తొందరపడకండి. సుంకి ఘాట్‌లో ముప్ఫై ఏళ్లు బరువు లాగిన లారీకి ఎక్కడో ఒకచోట ఇంజన్ మార్చి ఉండవచ్చు. గ్రిల్ మీది పేరు చూస్తే బండి ఏదో తెలుస్తుంది గానీ, లోపల ఏ బ్లాక్ ఉందో తెలియదు.

"మేస్తిరీ, ఇది బెంజి ఇంజనే కదేటి?" అని డ్రైవర్లు ఇప్పటికీ అడుగుతారు. టెల్కోకు (టాటా లారీల కంపెనీ పాత పేరు) డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం 1954లో మొదలై 1969లో ముగిసింది. పేరు మాత్రం తర్వాత వచ్చిన టాటా ఇంజన్లకూ అంటుకుపోయింది. ఆ మాట మీద సామాను ఆర్డర్ చేయకండి, బ్లాక్‌ మీద ఏముందో చదవండి.

నంబరు కనబడటం లేదు

ఎర్రదుమ్ము, ఆయిల్, పూత మీద పూత వేసిన పెయింటు కలిసి అక్షరాలను మూసేస్తాయి. కిరోసిన్‌లో తడిపిన గుడ్డను రాత్రంతా అతికించి ఉంచి, పొద్దున వైరు బ్రష్‌తో రుద్దండి. గ్రైండర్ మాత్రం పెట్టొద్దు. పోత అక్షరాల ఎత్తు చాలా తక్కువ, ఒకసారి అరిగితే మళ్లీ రావు. శుభ్రం చేశాక సుద్దముక్కను అడ్డంగా రుద్ది, టార్చి లైటును పక్క నుంచి వేయండి. అప్పటికీ తేలకపోతే చాసిస్ ప్రింట్ తీసినట్టే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. బ్లాక్ రెండు పక్కలా, స్టార్టర్ వెనక, ఫ్యూయల్ పంపు కింద, అన్నిచోట్లా వెతకాలి.

నంబరు దొరికింది, షాపులో అలాంటిది లేదంటున్నారు

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఉబ్బెత్తుగా ఉన్న నంబరు పోత అచ్చుది. అదే అచ్చులో పోసిన బ్లాకులన్నిటికీ అదే ఉంటుంది. నునుపు చేసిన చోట లోపలికి దిగి ఉన్నది పంచ్ కొట్టిన ఇంజన్ నంబరు, అది ఆ ఒక్క ఇంజన్‌దే. పోత నంబరు, స్పేర్ పార్ట్ నంబరు ఒకటే కావాలని కూడా లేదు. రెండింటినీ విడివిడిగా రాసి, ఏది ఉబ్బెత్తో ఏది గుంటో షాపువాడికి చెప్పండి. 3, 8, 6 అంకెలను ఇద్దరు చూడటం మంచిది.

పోత తేదీ కోసం కూడా చూడండి. దాన్ని అచ్చుకు చిన్న రేకుగా బిగించి ఉంటే, రెండు స్క్రూ తలల ముద్రలు కూడా పోతలో పడతాయి. నిరుడు ఒక బండి ఆర్‌సీలో 1986 ఉంటే బ్లాక్ మీద 91 తేలింది. బండి కంటే బ్లాక్ తర్వాతి ఏడాదిదంటే ఇంజన్ మారినట్టే, ఇంకో రుజువు అక్కర్లేదు.

బోరు కొలత కుదరడం లేదు

టాటా 697లో మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, మిగతా రెండూ మిల్లీమీటర్లలో బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం. 692, 497లకూ అదే లెక్క. అశోక్ లేలాండ్ 370, 400 అలా కాదు, అవి ఘనపు అంగుళాల్లో ఇంజన్ పరిమాణం.

రీబోరు చేసినా, లైనర్ (సిలిండర్ లోపలి తొడుగు) తీసేసినా బోరు కొలత మోసం చేస్తుంది. అందుకే స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, కొలవండి. క్రాంక్ తిప్పి పిస్టన్ పైకొసన ఒకసారి, కిందికొసన ఒకసారి లోతు చూసి తేడా తీయండి. 128 మిల్లీమీటర్లు వస్తే 697, 120 వస్తే 692. బ్లాకును ఎన్నిసార్లు బోరు చేయించినా స్ట్రోకు మారదు. నాకు బోరు గేజ్ కంటే ఈ కొలత మీదే నమ్మకం.

పంచ్ నంబరు చెరిగిపోయింది

మీరు కొత్తగా పంచ్ కొట్టకండి, అది నేరం. పాత బ్లాక్ కొన్న బిల్లు తీసుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. ఇంజన్ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి.

పెన్సిల్ ముద్ర, స్ట్రోకు కొలత, పాత గ్యాస్కెట్, ఈ మూడూ ఒకే సంచిలో పెట్టి సాలూరు వెళ్లే డ్రైవర్ చేతికివ్వండి. ఫోన్‌లో ఫొటో విడిగా పంపండి.