క్యాంపింగ్ షవర్ తయారీకి ముందు జాగ్రత్తలు

నీళ్ల డబ్బాను ఎండలో వేడెక్కించి, తలపైన వేలాడదీసి, గొట్టం ద్వారా వచ్చే ధారతో బయట స్నానం చేసే ఏర్పాటే క్యాంపింగ్ షవర్. డబ్బా ఎంపికలోనే సగం పని ఉంది. పురుగుమందులు, పెయింటు, యాసిడ్ నింపిన డబ్బాను ఎంత కడిగినా వాడవద్దు. తాగునీటికి పనికొచ్చేదే తీసుకోండి.

బరువు లెక్క వేసుకోండి. లీటరు నీరు కిలో. 20 లీటర్ల డబ్బా తలపైన వేలాడుతుందంటే 20 కిలోలు వేలాడుతున్నట్లే. ఎండుకొమ్మను నమ్మవద్దు, తాడును ముందు నిండు డబ్బాతో, కింద ఎవరూ లేనప్పుడు పరీక్షించండి. మీటరు ఎత్తుకు వచ్చే ఒత్తిడి 0.1 బార్ మాత్రమే, కాబట్టి ధార ఇంటి షవర్‌లా ఉండదు. సన్నని రంధ్రాలున్న చిన్న షవర్ తల చాలు.

ఒత్తిడి పెంచాలని పీవీసీ గొట్టంలోకి పంపుతో గాలి కొట్టే ఆలోచన ఉంటే మానుకోండి. అది పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. గాలి పంపే కావాలంటే చేతితో కొట్టే కొత్త స్ప్రేయర్ మేలు.

నల్ల డబ్బా ఎండలో అనుకున్నదానికంటే ఎక్కువ వేడెక్కవచ్చు. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణాల్లోనే చర్మాన్ని కాలుస్తుంది. ముందు మోచేతితో చూడండి, పిల్లలకైతే మరీను. డబ్బాను మంటపై పెట్టకూడదని చెప్పనక్కరలేదనుకుంటాను.

మూతకు గాలి రంధ్రం మరవవద్దు. అది లేకపోతే ధార ఆగి ఆగి వస్తుంది.

సబ్బు వాడితే వాగుకు, చెరువుకు 60 మీటర్ల దూరంలో స్నానం చేయండి. తిరిగొచ్చాక డబ్బా, గొట్టం పూర్తిగా ఆరబెట్టండి. నిల్వ నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.