డీబీ జరిపాక ఆర్‌సీసీబీ నిలబడటం లేదా?

ఆగ్నేయంలో ఉండాలని వాస్తు ఆయన చెప్పాడనో, ఆ గోడకే టీవీ యూనిట్ వస్తోందనో డీబీ (ఇంటి లైన్లన్నీ విడిపోయే కరెంటు పెట్టె) చోటు మారుస్తారు. వారం తిరక్కుండానే ఫోను: "ఆర్‌సీసీబీ పడిపోతోందండీ, కొత్తది తెచ్చేయమంటారా?" ఆగండి. ఆర్‌సీసీబీ అంటే కరెంటు లీకైతే తనంతట తానే దిగిపోయి (పడిపోయి) సరఫరా తెంపే స్విచ్చు. కొత్తదీ పడుతుంది. పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజుల కాలం నుంచి వైరింగులో దాక్కున్న లీకేజీ ఇప్పుడు బయటపడి ఉండొచ్చు, లేదా జరిపేటప్పుడు న్యూట్రల్ (కరెంటు తిరిగొచ్చే నల్లవైరు) ఎక్కడో తప్పి ఉండొచ్చు. నేను చూసినవాటిలో రెండోదే ఎక్కువ.

ఎత్తగానే పడిపోతోంది

ఎంసీబీలన్నీ (ఒక్కో లైనుకు ఉండే చిన్న స్విచ్చులు) దించి ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ రండి, దేనికి పడితే ఆ లైనులో వెతకాలి. ముందు గీజర్ ప్లగ్గు పీకి చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

అన్నీ దించినా పడుతుంటే చాలామంది ఆర్‌సీసీబీనే తిడతారు. సింగిల్ పోల్ ఎంసీబీ దించితే తెగేది ఫేజ్ ఒక్కటే, న్యూట్రల్ తగిలే ఉంటుంది. ఆ నల్లవైరు ఎక్కడో ఎర్తుకు తగులుతున్నా పడిపోతుంది. ఇక్కడి నుంచి పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ది. మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో కాక మీటరుతో చూసుకుని, న్యూట్రల్ లింకు (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) నుంచి వైర్లన్నీ ఊడదీయాలి. టీవీ, రౌటర్ లాంటివి ప్లగ్గు తీసేసి, ఒక్కో న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టాలి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపించినదే దొంగ. వైరు లాగేటప్పుడు పైపు అంచుకు గీసుకుని తోలు లేచిన చోటు చాలాసార్లు కొత్త డీబీకి మూరెడు దూరంలోనే దొరుకుతుంది.

హాల్లో ఫ్యాన్ వేస్తే పడుతుంది, లేకపోతే ఏమీ లేదు

ఇది న్యూట్రల్ మారిపోవడం. రెండు ఆర్‌సీసీబీలున్న డీబీలో దేని న్యూట్రల్ లింకు దానిదే. పాత డీబీలోంచి లాగిన నల్లవైర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి, గుర్తు కట్టకపోతే ఒకటి పక్క లింకులోకి పోతుంది. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే: వెళ్లిన కరెంటంతా తన గుండానే తిరిగొచ్చిందా లేదా. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే తెంపేస్తుంది. 75 వాట్ల ఫ్యాన్ దాదాపు 300 తీసుకుంటుంది, అదంతా వేరే దారిన పోతే ఎలా నిలబడుతుంది? ఫేజ్, న్యూట్రల్ జతలు కలిపి చూసి, ఎవరి లింకుకు వాళ్లని చేర్చడమే పరిష్కారం.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. ఇన్వర్టరుకు ఫేజ్ ఆర్‌సీసీబీ ముందు నుంచి ఇచ్చి, ఇన్వర్టర్ లైట్ల న్యూట్రల్ మాత్రం ఆర్‌సీసీబీ తర్వాతి లింకులో బిగిస్తారు. కరెంటు పోయినప్పుడు అన్నీ చక్కగా వెలుగుతాయి, కరెంటు రాగానే ట్రిప్. ఓ ఇంట్లో దీనికోసం సగం రోజు గోడల వెంట తిరిగాను, తప్పేమో మెట్ల కింద ఇన్వర్టర్ దగ్గరుంది. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఆర్‌సీసీబీకి ఒకే పక్కన ఉండాలి.

మూత వేడెక్కుతోంది, కాలిన వాసన

కొత్త చోటికి పాత వైరు మీటరో, రెండు మీటర్లో చాలదు. మెలిపెట్టి, టేపు చుట్టి, పైపులోకి తోసేస్తారు. పైపు లోపల జాయింటు ఉండకూడదు. పాత డీబీ పెట్టెను అక్కడే జంక్షన్ బాక్సుగా ఉంచి, సరైన కనెక్టర్లతో కలిపి, తీయడానికి వీలైన మూత బిగించండి. దాని మీద సిమెంటు పూసేస్తే రేపు ఎవరూ వెతకలేరు. పాత వైరు అల్యూమినియం అయితే రాగితో నేరుగా మెలిపెట్టొద్దు, బైమెటల్ కనెక్టర్ వాడాలి.

ఏసీకి ఎంసీబీ పడుతోందని 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 32 ఆంప్స్ పెట్టడం మరో అలవాటు. అప్పుడు ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది. 20 దాటాలంటే ముందు వైరు మారాలి.

కొన్ని లైట్లు మండిపోతున్నాయి, కొన్ని గుడ్డిగా ఉన్నాయి

త్రీఫేజ్ ఇంట్లో ఇలా కనిపిస్తే ఆలోచించకుండా మెయిన్ దించండి. మెయిన్ న్యూట్రల్ వదులైంది. 230 వోల్టులు రావాల్సిన చోటికి 400 దాకా రావచ్చు, ఫ్రిజ్ మిగలదు. డీబీలో లగ్గు (వైరు చివర నొక్కే లోహపు ముక్క) సరిగ్గా నొక్కారా, స్క్రూ బిగిందా చూడాలి. లోపం మీటరు అవతల ఉంటే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి. మీటరు సీలు మనం ముట్టుకోకూడదు.

ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జిల్లుమంటే, పచ్చవైరు (ఎర్తు) పాత పెట్టెలోనే వదిలేశారేమో ముందు అది చూడండి.

చోటే తప్పయితే

బీరువా వెనక, బాత్‌రూమ్ తడి గోడ మీద, నేల నుంచి 2 మీటర్ల కన్నా ఎత్తులో బిగించిన డీబీని మళ్లీ జరపాల్సిందే. దాని ముందు కనీసం 1 మీటరు ఖాళీ ఉండాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం ఈ పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి, ఇంటికి వేసే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. వైరింగు వివరాలకు భారత ప్రమాణం ఐఎస్ 732 చూడమనండి.

పనయ్యాక కరెంటు ఉండగా టెస్ట్ బటన్ నొక్కండి, పడాలి. పడకపోయినా, బయటికెళ్లే వైర్లన్నీ ఊడదీశాక కూడా నిలబడకపోయినా, అప్పుడు తెచ్చుకోండి కొత్త ఆర్‌సీసీబీ.